పిచ్చి లేదని తేలినవాడు

మా తమ్ముడికి పిచ్చి లేదు. ఉంటే బాగుండేది. ఉందని ఒక్క డాక్టరు ఒక్క ముక్క చెబితే చాలు, వాడు మళ్ళీ మనుషుల్లో పడేవాడు. ఆ ముక్క కోసమే వాణ్ణి ఏలూరు తీసుకెళ్ళాను.

నాకు రాయడం ముసలితనంలో వచ్చింది. మా కొల్లేటి లంకలో ఆడవాళ్ళ పొదుపు సంఘం పెట్టినప్పుడు సంతకం నేర్పడానికి ఒక టీచరమ్మ వచ్చింది. మిగతావాళ్ళు సంతకం రాగానే పలక పక్కన పెట్టేశారు. నాకు మొండితనం ఎక్కువ, ఆగలేదు. అందుకని ఇందులో వంకర ఉంటే ఉంటుంది. అబద్ధం మాత్రం ఒక్కటే ఉంది. అది నేను ఊరి పెద్దకి చెప్పింది. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

తమ్ముడు చేపల చెరువు మీద పిట్టల కాపలా. నీటికాకులు, గూడబాతులు దిగితే చెరువులో చేపపిల్ల మిగలదు. అందుకని గట్టు మీద ఒక మనిషి పొద్దున్నించీ పొద్దుగూకేదాకా రేకు డబ్బా కొడుతూ కేకలేస్తూ తిరగాలి. గొంతు ఉండాలి, ఎండకి ఓర్చుకోవాలి, బుర్ర పెద్దగా అక్కర్లేదు. వాడు ఆ పనికే పుట్టాడు. పెళ్ళి చేశాం. ఆ పిల్ల ఏడాది తిరక్కుండా పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. పిట్టల మీద అరిచిన గొంతుతోనే నా మీదా అరుస్తాడు అని చెప్పిందంట. నిజమే. వాడికి మెత్తగా మాట్లాడటం పెద్దవాళ్ళ ముందే వచ్చు.

ఇంకో జబ్బు ఉంది వాడికి. అడిగినదానికి ఉన్నది చెబుతాడు. చిన్నప్పుడు మా నాన్న, బెల్లం ఎవరు తిన్నార్రా అంటే, అక్క అన్నాడు. నా వీపు పగిలింది. వాడి మూతికి కూడా బెల్లం ఉంది, అది మా నాన్న అడగలేదు.

మా ఊరి చెరువు ఉమ్మడిది, ఇంటింటికీ వాటా ఉంటుంది. ఒక వేసవిలో ఊరంతా కలిసి హద్దురాళ్ళు దాటి కొత్త గట్టు వేసింది. అవతల నీళ్ళు సర్కారు పిట్టలకి వదిలేసినవి, అక్కడ చెరువు తవ్వకూడదని అందరికీ తెలుసు. వానలు పడ్డాక జీపులో ఆఫీసర్లు వచ్చారు. ఎవర్ని అడిగినా మా తాతల నాటి గట్టండీ అన్నారు. గడ్డం నెరిసినవాళ్ళు కూడా అన్నారు. చివరికి గట్టు మీద తిరుగుతున్న వీణ్ణి అడిగారు.

"ఏవయ్యా, ఈ గట్టు ఎప్పుడు వేశారు?"

"పోయిన ఎండల్లోనండీ."

అంతే అన్నాడు. కొన్నాళ్ళకి తవ్వే మిషను వచ్చి గట్టు కోసేసింది. నీళ్ళూ చేపపిల్లా కలిసి కొల్లేట్లోకి పోయాయి. గూడబాతులు విందుకొచ్చినట్టు వరసగా కూర్చున్నాయి. ఆ రోజు వాడు డబ్బా కొట్టలేదు. కొట్టినా లాభం లేదని వాడికి తెలుసు.

కమ్యూనిటీ హాల్లో ఊరు కూడింది. మా ఊరి పెద్ద నాకు వరసకి బావగారు.

"ఎందుకు చెప్పావురా?"

"అడిగారండీ."

"అడిగితే చెప్పేయడమేనా?"

"మరి అడిగేది చెప్తారనే కదండీ."

వెనకనించి ఎవడో "వీడి నోటికి ఒక గట్టు వేసుంటే సరిపోయేది" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు, వెర్రివాడు. బావగారు నవ్వలేదు. "సరే. ఇకనించీ నిన్నెవరూ ఏమీ అడగరు. నువ్వెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

పూర్వం దీన్ని వెలి అనేవారు. ఇప్పుడా మాట ఎవరూ అనరు, కేసులవుతాయని. మాట్లాడటం మానడం ఎవరిష్టం వాళ్ళదండీ, దానికి కేసేంటండీ అంటారు. కిరాణాకొట్లో వాడు వేలు చూపిస్తే సరుకు ఇస్తారు, నోరు విప్పరు. ఎదురుపడితే పక్కకి చూస్తారు. వాడితో మాట్లాడినవాళ్ళకీ అదే గతి. వాడుండే పాకకీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. నేనూ మాట్లాడలేదు. నా కొడుకు చేపల మీద బతుకుతున్నాడు, వాడికి ఊరు కావాలి.

అయితే పిల్లితో మాట్లాడొద్దని ఎవరూ అనలేదు. పొద్దున్నే గోడ మీద గిన్నె పెట్టి, "ఏమే పిల్లీ, కొర్రమీను పులుసు పెట్టాను. తింటే తిను, లేకపోతే మానెయ్" అనేదాన్ని. అవతల వాడు చూరు మీద కాకిని చూస్తూ, "కాకీ, నిన్నటి దాంట్లో ఉప్పెక్కువైందని చెప్పు" అనేవాడు. మా అక్కాతమ్ముళ్ళ సంసారమంతా అలాగే నడిచింది. నాకు జ్వరం వస్తే కాకిని అడిగేవాడు. వాడి దుప్పటి చిరిగితే పిల్లికి కొత్తది ఇచ్చాను. మా పిల్లి ఎలకల్ని కూడా సరిగ్గా పట్టేది కాదు, ఊళ్ళో అంత పెద్దరికం మాత్రం ఏ పిల్లికీ లేదు.

కుళాయి దగ్గర ఒకావిడ, "ఏవండీ వదినా, మీ పిల్లికి చెవుడా? మా ఇంటిదాకా వినబడుతోంది" అంది.

"మీ ఆయనకన్నా నయంలెండి, ఒకసారి చెప్తే వింటుంది" అన్నాను.

ఊరికి అంతా తెలుసు. పిల్లి అడ్డం ఉంది కదాని ఊరుకుంది.

చెరువు కాపలాకి ఊరు వేరే కుర్రాణ్ణి పెట్టింది. గట్టు మళ్ళీ లేచింది, అది వేరే సంగతి. ఆ కుర్రాడు సెల్లు చూసుకుంటూ కూర్చునేవాడు. తమ్ముడు మాత్రం రోజూ డబ్బా పట్టుకుని వెళ్ళేవాడు. వేరే పని రాదు, ఇంట్లో ఉండి ఏం చేస్తాడు. ఎవరూ వద్దనలేదు. వద్దనాలంటే వాడితో మాట్లాడాలి. చూసీ చూసీ ఆ కుర్రాణ్ణి మానిపించేశారు. ఊరికే చేసేవాడుండగా జీతం దేనికి?

అక్కణ్ణించే పిచ్చి మాట మొదలైంది. జీతానికి పిట్టల మీద అరిచినన్నాళ్ళూ వాడు కాపలా మనిషి. జీతం లేకుండా అరవగానే పిచ్చోడు. అరుపు అదే, డబ్బా అదే. తర్వాత అరుపుల్లో కబుర్లు కూడా చేరాయి. "ఏం, నిన్న రాలేదే, మీ ఇంట్లో పెళ్ళా?" అని నీటికాకిని అడిగేవాడు. "ఆ గూడబాతు ముసలాయనకి సంచీ నిండినా ఆశ తీరదు, మా పెద్దలాగే" అనేవాడు. చేపల మేతకి తవుడు బస్తాలు కట్టడానికి పడవల మీద వెళ్ళే కూలీలు అవి విని ఊళ్ళోకొచ్చి అనుకరించి చూపించేవాళ్ళు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. వాడి మాటలు వినడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. జవాబు ఇవ్వడానికే.

చెరువులో చేపలు పట్టే రోజున, పట్టుబడి రోజున, అసలు గొడవ మీద పడింది. కైకలూరు నించి లారీ వచ్చింది, ఐసు వచ్చింది, వలలు దిగాయి, ఊరంతా గట్టు మీద ఉంది. వీడు డబ్బా పట్టుకుని మనుషులకి ఎదురు నడిచాడు. "హేయ్, హేయ్" అంటూ మొహాల ముందు కొట్టడం మొదలెట్టాడు, పిట్టల్ని తోలినట్టే. కూలీలు నవ్వుతూ తప్పుకున్నారు. బావగారు తప్పుకోలేదు, పెద్దరికం. వాడు కొట్టుకుంటూ మీదమీదకి వస్తుంటే వెనక్కి నడిచి నడిచి జారి బురదలో కూర్చున్నాడు. తెల్లపంచె. చాలాకాలానికి నాకు కడుపునిండా నవ్వొచ్చింది, మొహం తిప్పుకున్నాను.

మర్నాడు బావగారు మా ఇంటికి వచ్చాడు.

"ఏమ్మా, వాడికి తేడా చేసింది."

"ఎవరు చేశారండీ?"

"ఎవరు చేస్తేనేం. పిచ్చోడి మీద ఊరికి కోపం ఉండదు. ఏలూరు తీసుకెళ్ళి చూపించు. పిచ్చే అని డాక్టరంటే, ఆ ఆఫీసర్లకి చెప్పింది కూడా పిచ్చిలోనే చెప్పాడనుకుంటాం. అందరం మాట్లాడతాం."

"కాదంటేనండీ?"

"కాదంటే, అన్నీ తెలిసే చెప్పాడన్నమాట. ఇంకా నన్ను బురదలో పడేసింది కూడా తెలిసే." చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అంటే దారి ఒక్కటే. మావాడు పిచ్చోడని తేలాలి.

నా మనవరాలు ఏలూరు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఆదివారం ఇంటికొస్తే, "పిచ్చి అనిపించుకోవాలంటే ఏమేం ఉండాలో మీ పుస్తకంలో చూడవే" అన్నాను. పిచ్చి అనకూడదు నానమ్మా, అపసామాన్య ప్రవర్తన అనాలి అని పాఠం తీసింది. పుస్తకం లాక్కుని నేనే చదివాను. ఆ మాట కూడబలుక్కునే సరికి కళ్ళు నొప్పి పుట్టాయి. మామూలు కానిది అని రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

జనంలో ఎక్కువమంది చేయని పని అయితే అది మామూలు కానిది, అని ముందుంది.

"నీటికాకిని పెళ్ళి కబుర్లు ఎక్కువమంది అడగరు. ఒకటి కుదిరింది" అన్నాను.

"కొలతలు తీసి చొక్కా కుట్టినట్టు చూడకు నానమ్మా."

"ఆఫీసర్లకి నిజం చెప్పడం కూడా మా ఊళ్ళో ఎక్కువమంది చేయరు. అదీ ఇందులోదేనా?"

అది వేలితో కింది వరస చూపించింది. తర్వాతిది, సమాజం కట్టుబాటుకి ఎదురు వెళ్ళేది.

"ఏ సమాజం?"

"ఆ మనిషి ఎక్కడుంటే అక్కడిది."

"అంటే మేమే. మేం పిచ్చంటే పిచ్చే."

"అందుకే అదొక్కటే చాలదని కింద రాశారు, చదువు. ఆ మనిషికి బాధ కలగాలి, లేదా రోజూ చేసుకునే పనులు సాగకుండా పోవాలి, తనకో పక్కవాళ్ళకో ప్రమాదం ఉండాలి."

"పని ఆగలేదే. జీతం లేకుండా చేస్తున్నాడు."

"అదైనా మామూలు కాదేమో."

"ఈ ఇంట్లో ఆడవాళ్ళందరం అదే చేశాం."

బాధ దగ్గర ఆగాం. బాధ ఉందా అని వాణ్ణి అడగాలి. అడగడం కుదరదు. మనవరాలు పుస్తకం మూసి అడిగింది. "నువ్వు పిల్లితో మాట్లాడతావు కదా, నిన్నేమనాలి?"

"నేను పిల్లికి చెప్పను. వాడికి చెబుతాను."

"చిన్నతాత కూడా పిట్టలకి చెప్పడేమో."

చదువుకున్న పిల్లలు ఇలాంటివి అనేసి వెళ్ళి సెల్లు చూసుకుంటారు. మనం కూర్చుని ఆలోచించాలి.

ఏలూరు వెళ్ళే ముందు గోడ దగ్గర పిల్లికి బాగా నూరిపోశాను. "పిల్లీ, డాక్టరు అడిగితే, పిట్టలు నాకు తిరిగి జవాబు చెబుతాయి అను. రాత్రిళ్ళు పిలుస్తాయి అను. అలా అంటే అందరూ మాట్లాడతారు."

అవతల వాడు చూరు వైపు తలెత్తాడు. తర్వాత, "కాకీ, అవి చెప్పవుగా అని చెప్పు" అన్నాడు.

కైకలూరులో బస్సెక్కాం. సగం బస్సు మావాళ్ళే. నేను ముందు కూర్చున్నాను, వాణ్ణి వెనక కూర్చోమని చేత్తో చూపించాను. కండక్టరు వచ్చి ఎక్కడికయ్యా అన్నాడు. వాడికి ప్రాణం లేచొచ్చింది, మనిషి అడిగాడు కదా.

"ఏలూరండీ. నాకు పిచ్చి ఉందో లేదో చూపించుకోడానికండీ."

"ఉన్నా ఫుల్ టిక్కెట్టేనయ్యా" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. వాడు టిక్కెట్టు జేబులో పెట్టుకుని, ఆ కండక్టరు మళ్ళీ ఏదైనా అడుగుతాడేమోనని ఏలూరుదాకా వాడి వంకే చూశాడు. అడగలేదు.

డాక్టరు చిన్నమ్మాయి, నా మనవరాలి కన్నా కాస్త పెద్దదేమో. తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, మీరు మీరు అంటూ అడగడం మొదలెట్టింది. నేనూ, కాలేజీ నించి వచ్చిన మనవరాలూ వెనక బల్ల మీద కూర్చున్నాం. ఏ ఊరండీ, ఏం పని చేస్తారండీ, నిద్ర పడుతుందా అండీ. వాడు ఒక్కోదానికీ చేతులు కట్టుకుని, మెత్తగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇవాళేం వారమో అడిగితే వారం చెప్పి, అది కైకలూరులో ఏం సంతో కూడా చెప్పాడు.

"పిట్టలతో మాట్లాడతారటగా?"

"మాట్లాడతానండీ."

నాకు ఊపిరాడింది.

"అవి మీకు జవాబు చెబుతాయా?"

వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను తలూపాను, గట్టిగా. వాడు మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు. "పిట్టలెక్కడ చెబుతాయండీ. పిట్టలకి మాటలు రావండీ."

"మరి ఎందుకు మాట్లాడతారు?"

"గొంతు పోకుండా అండీ."

"ఆ రోజు మనుషుల మీద డబ్బా కొట్టారంట?"

"మధ్య గట్టు మెత్తబడిందండీ. అంతమంది ఎక్కితే కూలుతుంది. దిగమని చెప్పాలంటే వాళ్ళతో మాట్లాడాలి కదండీ. మాట్లాడకూడదండీ. అందుకని డబ్బా కొట్టానండీ."

అది నాకు కూడా అప్పుడే తెలిసింది. ఆ గట్టు కూలనూ లేదు, ఎవరూ చావనూ లేదు, అందుకని ఎవరికీ అక్కర్లేదు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. చాలండీ, మీరు వెళ్ళి బయట కూర్చోండి అంది. వాడు లేవలేదు. కుర్చీ అంచు పట్టుకుని, "ఇంకేమైనా అడుగుతారా అండీ?" అన్నాడు.

ఆవిడ ఒకటి రెండు అడిగింది, ఏ కూర ఇష్టం, ఏ చేప బాగుంటుంది, అలాంటివి. రోగానికి కాదు, మర్యాదకి. వాడు అన్నీ చెప్పి సంతోషంగా లేచాడు.

వాడు బయటికి వెళ్ళాక నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "పిచ్చని రాయండమ్మా."

"లేనిది ఎలా రాస్తానండీ? ఆయనకి నేనిచ్చే మందు లేదు. ఎవరైనా రోజూ కాసేపు మాట్లాడాలి, అంతే."

"మీరు రాస్తేనే మాట్లాడతారు."

ఆవిడకి అర్థం కాలేదు. నా మనవరాలు ఊరి సంగతి చెప్పింది. చెబుతుంటే డాక్టరమ్మ మొహం ఎర్రబడింది, కేసు పెట్టొచ్చండీ అంది. మనవరాలు కూడా పెడదామంది. ఎవరి మీద పెడతారు? మాట్లాడలేదని ఊరంతటి మీదా పెడతారా? రేపు పోలీసులొచ్చి మాట్లాడించి వెళితే, ఎల్లుండి ఎవరు మాట్లాడతారు? ఊరికే పంపలేక డాక్టరమ్మ నిద్రకి బిళ్ళలు రాసింది, తీసుకుని వచ్చేశాం. దారిలో చెత్తకుండీలో వేశాను. వాడికి నిద్ర బాగానే పడుతుంది.

ఆటో దిగేసరికి కమ్యూనిటీ హాలు అరుగు మీద బావగారు ఉన్నాడు, ఇంకో నలుగురితో. తమ్ముడు నా వెనక కాస్త దూరంగా నిలబడ్డాడు.

"ఏమన్నారమ్మా?"

ఇదే ఆ అబద్ధం. "పిచ్చేనన్నారండీ. బాగా ముదిరిందన్నారు."

బావగారు మెల్లిగా తలూపాడు. మొహంలో కోపం లేదు, భారం దిగినట్టే ఉంది. ముసలాడికి కూడా విసుగొచ్చి ఉంటుంది, ఒక మనిషిని చూడనట్టు నటించడం తేలికేం కాదు. నా పక్కనించి అవతలికి చూసి, ఇన్నాళ్ళకి మొదటిసారి, తమ్ముణ్ణి నేరుగా అడిగాడు.

"ఏరా, అవునా?"

అడక్కుండా ఉండాల్సింది. అడిగాడు.

"కాదండీ" అన్నాడు తమ్ముడు. "బాగానే ఉన్నానన్నారండీ. ఎవరైనా మాట్లాడితే చాలన్నారండీ."

బావగారు వాణ్ణి కాదు, నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పక్కవాడి వైపు తిరిగి, ఐసు రేటు ఎంతుందిరా కైకలూరులో అని అడిగాడు.

నాకు అర్థమైంది. పెద్దల ముందు అబద్ధమాడినందుకు నాకూ అదే.

ఇంటికెళ్ళేసరికి కబురు ముందే వెళ్ళింది. నా కొడుకు బయటికి వెళ్ళిపోయాడు. కోడలు కంచంలో అన్నం పెట్టి, గోడ మీద ఉంచి, "పిల్లీ, మీ ముసలమ్మకి అన్నం పెట్టానని చెప్పు" అంది. మా పిల్లితోనే. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నేను నేర్పిన విద్యే. మనవరాలు మాత్రం ఏలూరు నించి ఫోన్ చేస్తుంది. పరీక్షలో ఆ పాఠమే వచ్చిందంట, బాగా రాసిందంట.

నా పెట్టె, పలక తీసుకుని గోడ అవతల తమ్ముడి పాకలోకి వచ్చేశాను. వెలిలో ఉన్నవాళ్ళు వెలిలో ఉన్నవాళ్ళతో మాట్లాడితే అడిగేవాడు లేడు. ఇంక పిల్లీ వద్దు, కాకీ వద్దు అనుకున్నాను. మొదటి పూట వాడికిష్టమైన కొర్రమీనే వండాను. పక్కన కూర్చుని వడ్డించి, "ఎలా ఉందిరా?" అన్నాను.

వాడు నాలుగు ముద్దలు తిన్నాడు. తలెత్తి చూరు వైపు చూశాడు.

"కాకీ, ఇవాళ ఉప్పు సరిపోయిందని చెప్పు."

"ఒరేయ్, నేనిక్కడే ఉన్నాను. నాకు చెప్పు."

"కాకీ, అక్కకి కోపం వచ్చింది."

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. తిట్టాను, బతిమాలాను, ఒకసారి కొట్టాను కూడా. కొట్టినా కాకికే చెప్పుకున్నాడు. డాక్టరమ్మ ఇప్పుడు చూస్తే పిచ్చని రాస్తుందేమో. తీసుకెళ్ళడానికి నాకు ఓపిక లేదు.

నిన్న అన్నాల వేళ కాకి వచ్చి చూరు మీద వాలింది. గుమ్మంలో ఉన్న బెడ్డ తీసి విసిరాను. తగల్లేదు గానీ అరుచుకుంటూ ఎగిరిపోయింది. "ఇప్పుడు చెప్పరా, ఎవరికి చెబుతావో" అన్నాను.

వాడు కంచం కింద పెట్టి, గుమ్మంలోకి వెళ్ళి, అది ఎటు పోయిందో చూస్తూ నిలబడ్డాడు. కూర చల్లారిపోయింది.